దోరజామ వాసన, కోనాం వేపుడు: నాలుగేళ్లుగా తాగుతున్న తెల్ల వైన్

నాసిక్‌లో చేసే సులా కంపెనీ తెల్ల వైన్ సావిన్యోన్ బ్లాంక్ మా ఇంటికి మొదటిసారి వచ్చి నాలుగేళ్లయింది. నెలకొక సీసా అయినా తెరుస్తాం. ఆ పేరున్న ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్సు, నేను తాగేది మాత్రం వైజాగ్ ఉక్కలో, మన కూరల పక్కన. అందుకే ఎక్కడ కుదిరిందో, ఎక్కడ చెడిందో చెబుతాను.

మూత తిప్పగానే దోరజామకాయ వాసన. కాసేపటికి అప్పుడే తరిగిన క్యాప్సికం. ఈ రెండోది నా ఊహ కాదు, క్యాప్సికానికి ఆ వాసననిచ్చే పైరజీన్లు అనే పదార్థాలు ఈ ద్రాక్షలోనూ ఉంటాయి. నోట్లో పోసుకుంటే పంపరపనస తొన కొరికినట్టు పులుపు, చివర్లో ఆ తొన పొర చేదు రవ్వంత. తీపి దాదాపు లేదు. తీపి వైన్ అలవాటైన మా బావ మొదటి గుక్కకే మొహం చిట్లించి, "పంచదార వెయ్యని నిమ్మకాయ నీళ్లలా ఉంది బావా" అన్నాడు. ఆ మాటే నాకు దారి చూపించింది. మనం దేనిమీద నిమ్మచెక్క పిండుకుంటామో, దాని పక్కన ఇది కుదురుతుంది.

అన్నిటికంటే బాగా కుదిరింది కోనాం (వంజరం చేప) వేపుడు. అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, దంచిన మిరియాలు పట్టించి పెనం మీద కాల్చాలి. కారం సగానికి తగ్గించాలి, ఎందుకంటే ఆల్కహాల్ మిరపకాయ మంటను ఇంకా రేపుతుంది. అంచు కరకరలాడుతూ, లోపల తెల్లటి పొరలు విడిపోయే ముక్క ఒకటి తిని గుక్క వేస్తే నూనె జిడ్డు చటుక్కున తెగిపోతుంది, చేప తియ్యదనం మళ్లీ పైకొస్తుంది. ఇదే ముక్క ఎర్ర వైన్‌తో తింటే నాకు నోట్లో ఇనుము నాకినట్టయింది. పైన కొత్తిమీర దండిగా చల్లితే ఇంకా బాగుంటుంది, వైన్‌లోని పచ్చివాసన దానితో కలిసిపోతుంది.

ఇది బాగా తాగబుద్ధయ్యేది ఎండాకాలంలోనే. అప్పుడేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్లో మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఆ రెండు నెలలూ జాలారిపేట తెప్పల మీద వచ్చే చిన్న చేపలే దిక్కు. నెత్తళ్లు దొరికితే బియ్యప్పిండి అద్ది వేయిస్తాం. నన్నడిగితే కోనాం తర్వాతి స్థానం వాటిదే. కొబ్బరిపాలతో వండిన పీతల కూర కూడా బాగుంటుంది.

చేపల పులుసుతో మాత్రం వద్దు. చింతపండు పులుపు ముందు వైన్ పులుపు చచ్చి, గ్లాసులో నీళ్లు తాగినట్టుంటుంది. గోంగూర రొయ్యలతోనూ అంతే. ఆ రెండూ అన్నంలోకే అందం.

చల్లదనం దగ్గర ఇంకో చిక్కుంది. 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటేనే దీని చురుకు. మన గాలిలో తేమకి గ్లాసు క్షణంలో చెమటలు పట్టి, పావుగంటకే వైన్ వెచ్చబడి నీరసపడుతుంది. నేను నాలుగు గుక్కలకు సరిపడా పోసుకుని సీసా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఒకసారి ఒక దుకాణంలో అద్దాల వెనక ఎండలో నిలబెట్టిన సీసా కొన్నాను. జామ వాసనే లేదు, ఉడికిన ఆపిల్ వాసన. వంద రూపాయల సరుకు కాదు కదా, చాలా బాధేసింది. అప్పటినుంచీ లోపలి అరలోంచి తీసిమ్మని అడుగుతున్నాను, లేబుల్ మీద ఏడాది కూడా చూస్తున్నాను. దాచుకునే కొద్దీ బాగుపడే రకం కాదిది, కొత్తదే తాగాలి.

తెరిచాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకీ బాగానే ఉంటుంది. మూడో రోజుకి వాసన తగ్గుతుంది. ఆ మిగిలిన అరగ్లాసు రొయ్యలు వెల్లుల్లితో వేగుతున్నప్పుడు మూకుట్లో పోసేస్తాను.