లెక్కలడిగే ర్యాప్: మోస్ డెఫ్ ‘బ్లాక్ ఆన్ బోత్ సైడ్స్’

రాజకీయ ర్యాప్ అంటే పిడికిలి బిగించి అరవడమే అనుకునేవాళ్లు ఈ ఆల్బమ్‌ని 9వ పాటతో మొదలుపెట్టాలి. పేరు ‘న్యూ వరల్డ్ వాటర్’. మొదటి నుంచి చివరి దాకా నీళ్ల గొడవే. తీరమంతా పాడుచేసేదీ వాళ్లే, ఆ నీళ్లనే శుద్ధి చేసి డాలరు పావలాకి అమ్మేదీ వాళ్లే అంటాడు మోస్ డెఫ్. బానిసల ఓడల్ని మోసిన నది, ఇప్పుడు వృథాగా పారే కుళాయి, దుకాణంలో సీసా, మూడూ ఒకే పాటలో పక్కపక్కన వచ్చేస్తాయి. ఇది 1999 నాటి పాట. ఇంటికి రోజూ 20 లీటర్ల క్యాన్ వేయించుకునేవాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

మోస్ డెఫ్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మనిషి. తర్వాతి కాలంలో యాసీన్ బే అని పేరు మార్చుకున్నాడు. 1998లో ఇంకో ర్యాపర్ టాలిబ్ క్వెలీతో కలిసి ‘బ్లాక్ స్టార్’ ఆల్బమ్ చేశాడు. సొంతంగా మొదటి ఆల్బమ్ మాత్రం ఇదే. 1999 అక్టోబరు 12న రాకస్ రికార్డ్స్ విడుదల చేసింది. 17 పాటలు, దాదాపు 71 నిమిషాలు. అదే ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోనే ఉన్న బ్రాంక్స్‌లో చేతిలో ఆయుధం లేని అమాడూ డియాలో మీద పోలీసులు 41 తూటాలు కాల్చారు. ఆల్బమ్ ఆ ఊళ్లో, ఆ వేడిలో వచ్చింది.

అసలు సరుకు 16వ పాటలో ఉంది: ‘మ్యాథమేటిక్స్’. బీట్ నిర్మాత డీజే ప్రీమియర్‌ది. ప్రీమియర్ సాధారణంగా పల్లవి ఎవరిచేతా పాడించడు. పాత రికార్డుల్లోంచి మాటల ముక్కలు ఏరి, టర్న్‌టేబుల్ మీద గీకి, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తాడు. అందుకే పల్లవి వేరువేరు గొంతుల్లో వినిపిస్తుంది, అయినా ఒకే వాక్యంలా నడుస్తుంది.

రాతలో పనితనం ఇది. మొదటి చరణం ఒకటి నుంచి లెక్కపెడుతూ పోయి తొమ్మిది గ్రహాల దాకా, ఉండొచ్చనే పదోదాని దాకా వెళ్తుంది. (2006లో ప్లూటోని జాబితాలోంచి తీసేశారు కాబట్టి ఇప్పుడు ఆ లైను ఒకటి ఎక్కువ.) రెండో చరణం మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఈసారి ఆకాశం లేదు, వీధి ఉంది. ఒకే న్యాయం, కథకి రెండు పక్కలు, మూడుసార్లు దొరికితే జీవితఖైదు, నాలుగేళ్లలో హత్యకు గురైన నలుగురు ర్యాపర్లు, ఎనిమిదేళ్ల పిల్లల చేతుల్లో 9 ఎంఎం తుపాకులు, రాత్రి పదయింది మీ పిల్లలెక్కడ అనే ప్రశ్న. ఆ ‘మూడు’ అలంకారం కాదు. కాలిఫోర్నియాలో 1994 చట్టం ప్రకారం అంతకుముందు రెండు తీవ్ర నేరాలుంటే, మూడోది చిన్నదైనా 25 ఏళ్ల నుంచి జీవితకాలం దాకా జైలే ఉండేది; 2012లో దాన్ని సడలించారు. బేస్‌బాల్‌లో మూడు బంతులు తప్పితే అవుట్, ఆ చట్టానికి ‘త్రీ స్ట్రైక్స్’ అన్న పేరు అక్కడిదే.

లెక్కలు సరిచూస్తే? పౌనుకి 16 ఔన్సులు, ఇంకో 20 కలిపితే కిలో అంటాడు. కిలో అంటే 35.27 ఔన్సులు, కాబట్టి వీధిలో మత్తుమందు అమ్మేవాళ్ల తూకానికి సరిపోయింది. రక్షణ శాఖ లెక్క మాత్రం బోల్తా కొట్టింది. 20 ఏళ్లలో 69 బిలియన్లు ఖర్చయిందంటాడు. అమెరికా ఆ రోజుల్లో ఒక్క ఏడాదికే 250 బిలియన్లు దాటి ఖర్చుపెట్టేది. వాదనకి నష్టమేమీ లేదు, అసలు అంకె ఇంకా భయపెడుతుంది. అయినా లెక్కల పేరుతో పాట రాసినప్పుడు ఆ అంకె ఒక్కసారి చూసుకోవాల్సింది.

తన జేబు లెక్క కూడా అందులోనే వేస్తాడు. 16 నుంచి 32 బార్లు తనవి, లాభంలో తనకి చేరేది 15 శాతం. బార్ అంటే నాలుగు దెబ్బల ఆవృత్తం. నిమిషానికి 90 దెబ్బల నడకలో 16 బార్లంటే 43 సెకన్లు. దమ్ము ఎక్కడ పీల్చాలో ముందే రాసుకోకపోతే ఇన్ని అంకెలు అంతలో పట్టవు. వెనక ఉన్న కంపెనీ సంగతీ చూడండి. రాకస్‌కి పెట్టుబడి ఇచ్చినవాడు జేమ్స్ మర్డాక్, మీడియా సామ్రాజ్యాధిపతి రూపర్ట్ కొడుకు. ఈ సంగతి తెలిశాక ఆ 15 శాతం ఇంకోలా వినిపిస్తుంది.

15వ పాట పేరులోనే నల్లవాళ్లని కించపరిచే మాట ఉంది. తోడుగా ర్యాపర్ క్యూ-టిప్ వచ్చాడు. ఇందులో ఒక్క దృశ్యం చాలు: విమానంలో ఫస్ట్ క్లాస్, సీటు 2సీ. మీరు సరైన చోటే కూర్చున్నారా అన్నట్టు ఎయిర్‌హోస్టెస్ మొహం పెడుతుంది. బోర్డింగ్ పాస్ చూపిస్తాడు. సిగ్గుపడి నీళ్ల గ్లాసులో నిమ్మముక్క ఒకటి అదనంగా వేస్తుంది. గంట తర్వాత అదే మనిషి కొడుకు కోసం ఆటోగ్రాఫ్ అడుగుతుంది. జాతి వివక్ష మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆ నిమ్మముక్క గుర్తున్నట్టు గుర్తుండవు.

1వ పాట ‘బిస్మిల్లా’తో మొదలవుతుంది, వెనక వినిపించేది నైజీరియా సంగీతకారుడు ఫేలా కుటీ 1977 నాటి సంగీతం. హిప్ హాప్ కొండ మీంచి దిగొచ్చే రాక్షసుడేం కాదు, మనమెలా ఉంటే అదీ అలాగే ఉంటుందని అక్కడే తేల్చేస్తాడు. ‘బ్రూక్లిన్’ ఒకే పాటలో మూడు బీట్లు మారుతుంది, మూడోది అదే పేటలో పెరిగి 1997లో హత్యకు గురైన ర్యాపర్ బిగ్గీ పాటది. ‘ఉమి సేస్’లో ఉమి అంటే అరబ్బీలో ‘మా అమ్మ’, తెలుగు చెవికి ఇంకోలా వినిపించినా సరే. ఇక్కడ ర్యాప్ కంటే పాటే ఎక్కువ. 4వ పాట రాజకీయం కాదు, ప్రేమలో బోల్తాపడిన కథ. దానికి ఆయతొల్లా అనే నిర్మాత అరీతా ఫ్రాంక్లిన్ గొంతుని తిప్పి తిప్పి వాడిన తీరు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే తీయని శబ్దం.

‘రాక్ ఎన్ రోల్’ మీద పేచీ ఉంది. రాక్ సంగీతం నల్లవాళ్ల సొత్తు, పేరూ డబ్బూ తెల్లవాళ్లకి పోయాయన్నది అబద్ధం కాదు. జానపదుల బాణీలు పేరు లేకుండా సినిమాల్లోకి వెళ్లిన సంగతి మనకీ తెలుసు. కానీ తెల్ల రాక్ గాయకుడు ఎల్విస్‌కి ఆత్మే లేదని కొట్టిపారేయడం వాదన కాదు, కసి. చివర్లో పాట ఉన్నట్టుండి హార్డ్‌కోర్ పంక్‌లోకి, అంటే అరుపులతో దూసుకెళ్లే వేగమైన రాక్‌లోకి, దూకుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటే ముందే వాల్యూమ్ తగ్గించుకోండి.

71 నిమిషాలు ఎక్కువే. 12వ, 14వ పాటలు తీసేసినా ఎవరికీ లోటు తెలియదు. ‘డూ ఇట్ నౌ’లో బస్టా రైమ్స్‌తో పోటీ సరదాగా ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు.

మొదటిసారి వినేవాళ్లకి వరుస: 9, 15, 16, ఆ తర్వాత 1 నుంచి మొత్తం. ‘మ్యాథమేటిక్స్’ని ఒకసారి ఉత్తగా, రెండోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వినండి. మాట వేగం వల్ల తొలిసారి సగం అంకెలు జారిపోతాయి. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, బేస్ అందులో పలకదు, ‘ఉమి సేస్’ ఒట్టి తాళంలా మిగులుతుంది. ఎల్‌పీ (వినైల్ రికార్డు) కొనేటట్టయితే రెండు డిస్కులున్నాయో లేదో చూసుకోండి. ఒక ఎల్‌పీలో పక్కకి 22-25 నిమిషాలే బాగా పడతాయి కాబట్టి, ఒకే డిస్క్‌లో మొత్తం ఆల్బమ్ అంటే పాటలు కోసేసి ఉండాలి, లేదా శబ్దం పలచబడి ఉండాలి. బూతులు మ్యూట్ చేసిన కాపీ సగం ధరకి దొరికినా వదిలేయండి. 15వ పాటలో ఆ మాటని ఎవరు, ఎవరిని, ఎక్కడ అంటున్నారన్నదే విషయం. అది మాయమైతే మిగిలేది విమానంలో నిమ్మముక్క కథే.