సూర్య నమస్కారాలా, చక్ర ధ్యానమా?

నెల్లూరులో పెన్న గట్టున పొద్దున్నే నడిచేవాళ్ల మధ్య తరచూ వచ్చే మాటే ఇది.

ఖర్చు: రెండింటికీ ఒక చాప.

శ్రమ: నమస్కారాల్లో 12 భంగిమలు, 6 చుట్లకే మన ఉక్కకి చొక్కా తడిసిపోద్ది. ధ్యానంలో కుదురుగా ఉండనిది మనసు. వెన్ను అడుగునున్న మూలాధార చక్రంలో మొదలెట్టి, గుండె దగ్గరున్న అనాహతానికి వచ్చేసరికి నా బుర్ర చేపల పులుసులో మామిడికాయ దగ్గరుంటుంది! చక్రాలు స్కానింగులో కనపడవు, మనసు నిలపడానికి గుర్తులంతే. ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం తగ్గడం మాత్రం నాడి పట్టుకుని చూడండి, తెలుస్తుంది.

రిస్కు: వంగితే నడుం పట్టేయొచ్చు, బీపీ, డిస్కు సమస్య ఉంటే డాక్టర్ని అడగండి. ధ్యానంలో నాకైతే కునుకే, కొందరికి ఆందోళన పెరుగుతుంది.

రోజంతా కొట్లో కూర్చునేవాళ్లకి నమస్కారాలు. రొయ్యల గుంటల కాడ కాపలా కాసొచ్చి, ఒళ్లు అలిసినా నిద్ర పట్టనివాళ్లకి ధ్యానం.