అరుదైన స్నోడ్రాప్: ఎండు దుంపా, పచ్చాకుతోనా, కుండీలోనా? ఏది మేలు?

చలికాలం చివర పూసే చిన్న తెల్లని దుంప మొక్క స్నోడ్రాప్. దాని పువ్వుకు ఉన్నవి ఆరే రేకులు. బయట మూడు పెద్దవి, లోపల మూడు చిన్నవి, ఆ లోపలివాటి మీద ఆకుపచ్చ మచ్చ. మచ్చ ఏ ఆకారంలో ఉంది, పసుపు తిరిగిందా, బయటి రేకుల మీదికీ పాకిందా అన్న తేడాలతోనే బ్రిటన్‌లో వందలకొద్దీ పేర్లు పుట్టుకొచ్చాయి. 2012లో ఎలిజబెత్ హారిసన్ అనే పసుపు మచ్చ రకం ఒక్క దుంప ఈబేలో 725 పౌండ్లకు పోయింది. 2022లో గోల్డెన్ టియర్స్ 1,850 పౌండ్లకు. అంత పెట్టేవాళ్ళు కొద్దిమందే. కానీ ఒక్క దుంపకు 20, 30 పౌండ్లు పెట్టేవాళ్ళు చాలామంది, అందులో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది రకం ఎంచుకోవడంలో కాదు, దుంపను ఏ స్థితిలో కొన్నారన్న దగ్గర.

సెప్టెంబరు, అక్టోబరుల్లో గార్డెన్ సెంటర్లలో వల సంచుల్లో వేలాడే ఎండు దుంపలు అన్నిటికంటే చవక, అన్నిటికంటే అధ్వానం. ట్యులిప్, డాఫోడిల్ దుంపలకు మందపాటి పొర రక్షణగా ఉంటుంది. స్నోడ్రాప్‌ది పలచటి పొర, వేసవి మొదట్లో తవ్వి నెలల తరబడి అరలో పెడితే లోపలి తేమంతా పోతుంది. టర్కీ కొండల్లో పొడి వేసవికి అలవాటుపడిన ఎల్వెసీ జాతి కొంత తట్టుకుంటుంది, మామూలు జాతి అయిన నివాలిస్‌లో సగానికి సగం మొలవకపోవచ్చు. వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉంటే పరవాలేదు, పాత వెల్లుల్లి రెబ్బలా మెత్తగా తేలిపోతుంటే వదిలేయండి. పేరున్న రకాలు ఎలాగూ ఈ సంచుల్లో దొరకవు.

దీనికి విరుగుడుగా బ్రిటన్ తోటమాలులు తరతరాలుగా చెబుతున్నది పచ్చాకుతో కొనమని. పూత అయిపోతున్న ఫిబ్రవరి, మార్చిల్లో ఆకులతో సహా తవ్వి అమ్ముతారు. ఎండిపోయే సమస్య లేదు, పువ్వు ఇంకా ఉంటే రకం కళ్ళతో చూసుకోవచ్చు. మరి ఇబ్బంది ఎక్కడంటే, స్నోడ్రాప్ వేళ్ళకు కొమ్మలుండవు, తెగిన వేరు ఆ ఏడాది మళ్ళీ పెరగదు. వచ్చే ఏటి పువ్వుకు కావలసిన బలాన్ని ఆకులు దుంపలోకి దించేది సరిగ్గా ఆ వారాల్లోనే. తవ్విన దెబ్బకు ఆకులు ముందే పండిపోతాయి, దుంప చిక్కిపోతుంది, మరుసటి ఏడు చాలాసార్లు పువ్వే రాదు. చెట్ల కింద గడ్డిలో మామూలు నివాలిస్ వంద నాటాలంటే ఈ పద్ధతే సరైనది, పది చిక్కినా నష్టం లేదు. ఉన్నదే ఒక్క దుంప, దానికి 30 పౌండ్లు పోశాం అన్నప్పుడు ఈ పాత మాట వినకండి. తప్పనిసరై కొన్నా, వచ్చిన రోజే నాటాలి. కాడ అడుగున తెల్లగా ఉన్నంత మేర మట్టిలోకి పోవాలి. ఆకులు వాటంతటవి ఎండేదాకా నీరు ఆపకూడదు.

కుండీలో పూస్తున్న మొక్క ఖరీదెక్కువ. అయితే వేరు కదలదు, పువ్వు మీ ఎదుటే ఉంటుంది. పేరు చీటీ మారిపోవడం స్నోడ్రాప్ వ్యాపారంలో నిత్యం జరిగేదే కాబట్టి, ఇది చిన్న లాభం కాదు. ఇంటికి తెచ్చాక మట్టి ముద్ద విప్పకుండా అలాగే నేలలో దించండి. నాలుగోది, ఎక్కువమందికి తెలియనిది, తాజా నిద్ర దుంప: ఆకు ఎండిపోయాక జూన్, జూలైల్లో తవ్వి, కొద్దిగా తేమగా ఉన్న వర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకుల్లో) పెట్టి పంపేది. కొత్త వేళ్ళు వేసవి చివర మొదలవుతాయి కాబట్టి అంతకుముందే నేలలో పడితే దుంపకు తవ్విన సంగతే తెలియదు. పువ్వు చూడకుండా కొనాలన్నదొక్కటే లోటు. అమ్మేవారు నమ్మకస్తులైతే అరుదైన రకానికి ఇదే మేలు, లేదంటే కుండీ. పువ్వులు ముందుగా చూసి పేర్లు రాసుకోవాలంటే ఫిబ్రవరిలో గ్లౌసెస్టర్‌షైర్‌లోని కోల్స్‌బోర్న్ పార్క్, కేంబ్రిడ్జ్ దగ్గరి ఆంగ్లెసీ అబ్బే ఉన్నాయి.

ఏ రకంతో మొదలుపెట్టాలి?

పసుపు మచ్చ చూసి మనసు పారేసుకోవడం సహజం. పసుపుల్లో శాండర్సీ గుంపు నీరసంగా, మెల్లగా పెరుగుతుంది. ముద్ద పువ్వుల లేడీ ఎల్ఫిన్‌స్టన్ అందగత్తే కానీ చోటు మారిస్తే అలుగుతుంది: ఒకటి రెండేళ్ళు పసుపు బదులు ఆకుపచ్చగా పూస్తుంది. మోసపోయామనుకుని పీకి పారేసినవాళ్ళున్నారు, ఓపిక పడితే రంగు తిరిగొస్తుంది. కేంబ్రిడ్జ్ దగ్గరి వాండల్‌బరీ రింగ్‌లో దొరికిన వెండీస్ గోల్డ్ ప్లికాటస్ జాతిది, బలమైనది, రంగు నిలకడగా ఉంటుంది. పసుపు కావాలంటే అదే. తొలి దుంపకు మాత్రం ఎస్. ఆర్నాట్‌ను మించినది లేదు. పెద్ద పువ్వు, తేనె వాసన, త్వరగా గుత్తి కడుతుంది. దాంతో చేయి తిరిగాకే ఖరీదైనవి.

నేలా, బుట్టా?

నేలలో దుంప సుఖంగా ఉంటుంది, కానీ పేర్లు కలిసిపోతాయి. పక్క రకం విత్తనం రాలి మొలిస్తే నాలుగేళ్ళకు ఏది ఏదో తేలదు. చీటీలను పక్షులు పీకేస్తాయి. నేలపైన ఉంచిన కుండీ చలికాలంలో పక్కల నుంచి గడ్డకడుతుంది, వేసవిలో కాలిపోతుంది. రెంటికీ మధ్య దారి చెరువు మొక్కలకు వాడే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట. దాన్ని అంచుదాకా నేలలో పాతితే వేళ్ళు బయటికి పోతాయి, కావాలన్నప్పుడు బుట్టతో సహా పైకి లేపొచ్చు. మట్టి కోసం జాన్ ఇన్నెస్ నంబర్ 2 అనే రెడీమేడ్ కుండీ మట్టి రెండు పాళ్ళు, ఆకు ఎరువు ఒక పాలు, ముతక గ్రిట్ (సన్నటి రాతి పలుకులు) ఒక పాలు కలపండి. దుంప మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల మట్టి ఉండాలి. రెండు మూడేళ్ళకోసారి మట్టి మార్చాలి.

మొలకలు బూడిదరంగు బూజు కప్పుకుని బయటికొస్తే అది బోట్రైటిస్ అనే తెగులు. తేమతో కూడిన వెచ్చని చలికాలాల్లో వస్తుంది. దుంపను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి, అక్కడ మళ్ళీ స్నోడ్రాప్ పెట్టొద్దు. నార్సిసస్ ఈగ మే, జూన్ ఎండలో ఆకు మొదట్లో గుడ్డు పెడుతుంది, పురుగు దుంప లోపలికి దూరి నడిమి భాగం తినేస్తుంది. ఆ రెండు నెలలూ సన్నటి వల కప్పాలి, ఆకు ఎండాక మిగిలిన రంధ్రాన్ని మట్టితో పూడ్చాలి. ఈ రెండు బెడదల వల్లే, దుంపలు రెండయ్యాయంటే ఒకటి తోటలో మరో మూలకో, తోటి సేకర్తకో వెళ్ళాలి.

హైదరాబాదుకో విజయవాడకో పట్టుకెళ్ళాలని చూడకండి. అక్కడి నేలకు ఈ దుంప కోరే చలి లేదు. పైగా స్నోడ్రాప్‌లన్నీ, అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అక్కడ ఆ ముచ్చట దీని కుటుంబానిదే అయిన రెయిన్ లిల్లీతో తీరుతుంది. ఇంకో జాగ్రత్త: దుంప చిన్న ఉల్లిపాయలా ఉంటుంది, విషం. వంటింట్లో పెట్టొద్దు.

విడదీయడమా, కోయడమా?

విత్తనంతో పేరున్న రకం రాదు, మొలిచేది కొత్త మొక్క. మిగిలినవి రెండు దారులు. మూడేళ్ళకోసారి గుత్తిని లేపి విడదీయడంలో నష్టభయం దాదాపు లేదు, కాకపోతే ఆలస్యం. కోతతో ఒక్క దుంప నుంచి 8 నుంచి 16 ముక్కలొస్తాయి. జూన్, జూలైల్లో గట్టి దుంప తీసుకుని, ఎండిన పొర, వేళ్ళు తీసి, మిథిలేటెడ్ స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో నారింజ తొనల్లా నిలువుగా కోయాలి. ప్రతి ముక్కకూ వేళ్ళు పుట్టే అడుగు బిళ్ళలో కొంత అంటుకుని ఉండాలి, అది లేని ముక్క కుళ్ళిపోవడమే. శిలీంద్రనాశినిలో ముంచి ఆరబెట్టాక, 10 పాళ్ళ వర్మిక్యులైట్‌కు 1 పాలు నీళ్ళు కలిపిన పాలిథిన్ సంచిలో వేసి, కొంత గాలి ఉంచి మూతి కట్టి, 20 డిగ్రీల దగ్గర చీకట్లో 12 వారాలు ఉంచాలి. నీళ్ళు ఎక్కువైతే బూజు, అందుకే వారానికోసారి చూసి మెత్తబడిన ముక్కల్ని ఏరేయాలి. పొరల మధ్య గోధుమ గింజంత పిల్ల దుంపలు కట్టాక కుండీలో వేస్తే పూతకు మూడు నాలుగేళ్ళు.

దుంప ఒక్కటే ఉంటే బ్లేడు ముట్టుకోవద్దు. మూడయ్యాక ఒకటి కోయండి, అదీ ముందుగా ఎస్. ఆర్నాట్ మీద చేయి సాధకం చేసుకున్నాకే.