ఈల వెంటనే ఊదాలా, కాసేపు ఆగాలా: ఏది మేలు?

బాస్కెట్‌బాల్ రిఫరీకి ఫౌల్ పట్టుకోవడం కన్నా కష్టమైన పని ఒకటి ఉంది. ఆటగాడు ఉన్నట్టుండి కూలబడినా, హారన్ పొరపాటున మోగినా, ప్రేక్షకుడెవరో కోర్టులోకి దూసుకొచ్చినా, అప్పటికప్పుడు ఈల ఊదాలా, లేక సాగుతున్న దాడి ముగిసేదాకా ఓపిక పట్టాలా అన్నది అతడు రెప్పపాటులో తేల్చుకోవాలి.

మన దేశంలోనూ అమలయ్యే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలు చాలా సందర్భాల్లో ఆగడం వైపే మొగ్గుతాయి. ఆటగాడు గాయపడినా సరే, బంతి ఆటలో ఉన్నంతసేపూ, అది ఎవరి అధీనంలో ఉందో ఆ జట్టు షాట్ వేసేదాకానో, బంతిని పోగొట్టుకునేదాకానో, తానుగా ఆడడం మానుకునేదాకానో ఈల ఊదకూడదు. గాయపడినవాణ్ణి కాపాడేందుకు అవసరమైతే మాత్రం తక్షణం ఆపవచ్చు. పైకి ఇది కాస్త కఠినంగా కనిపించినా, దీని వెనుక ఒక లోకజ్ఞానం ఉంది. కింద పడ్డ ప్రతిసారీ ఆట ఆగుతుందని తెలిస్తే, ఎదుటి జట్టు వేగంగా దాడికి వస్తున్న ప్రతిసారీ ఎవరో ఒకరికి కాలు బెణుకుతుంది. బంతి ఉన్న జట్టు షాట్ వేయడానికి ఉన్న గడువును లెక్కించే షాట్ క్లాక్ పొరపాటున మోగినప్పుడూ అంతే: దాన్ని పట్టించుకోకుండా ఆట సాగాలి, బంతి ఉన్న జట్టుకు నష్టం జరిగిందని రిఫరీ భావిస్తేనే ఆపి, గడియారం సరిచేసి, బంతిని ఆ జట్టుకే ఇస్తారు.

మనుషుల ఒంటికి ప్రమాదం ఉన్నచోట ఈ తూకం పనికిరాదు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక నిరసనకారిణి తన చేతిని జిగురుతో కోర్టుకే అతికించుకుంది. అలాంటప్పుడు బంతి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే రాదు. 2009లో శాన్ ఆంటోనియోలో కోర్టు మీద చక్కర్లు కొడుతున్న గబ్బిలాన్ని ఆటగాడు మాను జినోబిలీ చేత్తో కొట్టి పడేసి, ఆ తరువాత రేబిస్ టీకాలు వేయించుకోవలసి వచ్చింది. అది రిఫరీ పనీ కాదు, ఆటగాడి పనీ కాదు.

రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడడానికి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్‌ను మించిన మ్యాచ్ లేదు, ఎందుకంటే కొన్ని క్షణాల తేడాలో రెండూ అందులోనే కనిపిస్తాయి. ఆటకు మూడు సెకన్లు మిగిలి ఉండగా అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ రెండో ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా, అడ్డు లేకుండా వేసే షాట్) వేయబోతుంటే, స్కోరు, సమయం చూసే అధికారులు కూర్చునే బల్ల దగ్గర హారన్ మోగింది. బ్రెజిల్ రిఫరీ రెనాటో రిఘెట్టో ఆట ఆపలేదు. బంతి బుట్టలో పడి అమెరికా 50–49తో ముందుకు వచ్చింది. సోవియట్ జట్టు బంతి అందుకుని కదిలాక, బల్ల దగ్గర రేగిన గందరగోళం చూసి ఆయన ఒక్క సెకను మిగిలి ఉండగా ఆట ఆపేశారు. తాము టైమ్ అవుట్ అడిగామని సోవియట్ శిక్షకులు వాదించారు. ఫిబా ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ కిందికి దిగివచ్చి మూడు సెకన్లూ తిరిగి ఇవ్వమన్నారు. గడియారం సరిగా అమర్చకముందే మళ్ళీ ఆడించడంతో అదీ చెల్లలేదు. మూడోసారి సోవియట్ ఆటగాడు ఎడెష్కో విసిరిన పొడవాటి పాస్‌ను అలెగ్జాండర్ బెలోవ్ బుట్టలో వేయగా సోవియట్ జట్టు 51–50తో గెలిచింది. అమెరికా అప్పీలు 3–2 ఓట్లతో వీగిపోయింది. ఆ జట్టు రజత పతకాలను ఈనాటికీ తీసుకోలేదు.

నా దృష్టిలో ఇక్కడ రెండు నిర్ణయాలూ తారుమారయ్యాయి. హారన్ మోగినప్పుడు గడియారం ఆగే ఉంది. ఈల ఊది, ఎందుకు మోగిందో విచారించి, కాలిన్స్ చేత ఆ ఫ్రీ త్రోను మళ్ళీ వేయించి ఉంటే ఎవరికీ పోయేది లేదు. గడియారం పరుగెడుతూ చివరి సెకనుకు చేరినప్పుడు ఆపడం మాత్రం అన్నిటికన్నా ఖరీదైనది. కనుక అంతరాయం ఎంత పెద్దది అన్నదాని కన్నా, ఆపితే ఎవరి అవకాశం పోతుంది అన్నదే ముందు చూడాలి. 2004 నవంబరు 19న డెట్రాయిట్ సమీపంలో ఇండియానా, డెట్రాయిట్ జట్ల మ్యాచ్‌లో ఆటగాళ్ళు, ప్రేక్షకులు కలబడినప్పుడు ఇంకా 45.9 సెకన్లు ఉన్నా రిఫరీలు ఆటను అక్కడితో ముగించారు. ఇండియానా అప్పటికే 97–82తో ముందుంది గనుక, ఆ నిర్ణయం ఫలితాన్ని తారుమారు చేసిందని అనేవారు ఉండరు.

మన ఊళ్ళలో ఆరుబయట సిమెంటు కోర్టుల మీద రాత్రిపూట ఆడేటప్పుడు కరెంటు పోతే ఈల ఊదకుండా ఆగే వీలే లేదు, చీకట్లో ఎగిరే బంతి ముఖానికి తగులుతుంది. అయితే డిజిటల్ బోర్డుతో పాటే మిగిలిన సమయమూ మాయమవుతుంది కనుక, ఈల ఊదిన వెంటనే రిఫరీ బల్ల దగ్గరికి నడిచి, బంతి ఎవరిదో, ఎన్ని సెకన్లు ఉన్నాయో దీపాలు వచ్చేలోపే కాగితం మీద రాయించుకోవాలి.