ఆగుంబెకు గుంపుగానా, ఇద్దరమేనా?

దూరదర్శన్‌లో వచ్చిన ‘మాల్గుడి డేస్’ సీరియల్‌ను శంకర్ నాగ్ ఎక్కువగా తీసింది కర్ణాటకలోని ఆగుంబెలో. అనంతపురం నుంచి చిత్రదుర్గ, శివమొగ్గ మీదుగా వెళ్లొచ్చు. అభిమానులంతా కలిసే రోజుకు పోవాలా, మామూలు రోజున పోవాలా అని మా ఇంట్లో నెల రోజులుగా పంచాయితీ.

గుంపుతో పోతే మజా వేరు. టైటిల్ రాగం ఒకరు ఎత్తుకుంటే బస్సంతా అందుకుంటుంది. సీరియల్‌లోని పిల్లాడు స్వామి ఏ సందులో పరిగెత్తాడో చెప్పేవాళ్లు పక్కనే ఉంటారు. కానీ షూటింగ్ జరిగిన దొడ్డమనె ఒకరు కాపురముండే ఇల్లు. యాభై మంది ఫోన్లు పట్టుకుని దూరితే ఆ పాత చెక్క స్తంభాలు కనిపించేదెప్పుడు?

ఇద్దరమే అయితే ఖర్చు ఎక్కువ, కబుర్లు తక్కువ. అయినా అక్కడ వేడి కషాయం గ్లాసు పట్టుకుని, పెంకుల మీంచి జారే వాన చూస్తూ గంట కూర్చోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మన అనంతపురం వాళ్లకు, 7,000 దాటే ఊళ్లో వానే సగం సినిమా. (జలగలుంటాయి, ఉప్పు మరవొద్దు.)

నా ఓటు ఇద్దరికే. మా చిన్నాన్న మాత్రం గుంపే అంటాడు. శివమొగ్గ జిల్లాలోనే ఉన్న అరసాళు రైల్వే స్టేషన్‌లోని మాల్గుడి మ్యూజియం ముందు ఫొటోకు పదిమందైనా ఉండాలట.