రొయ్యల రైతుకి పెద్ద సదస్సా, గట్టు మీటింగా?

నెల్లూరులో జరిగే పెద్ద ఆక్వా సదస్సుకి ఒక్క పని కోసం వెళ్లొచ్చు: ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు), మేత, ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) స్టాళ్లన్నీ ఒకేచోట ఉంటాయి, ధరలు పోల్చుకోవచ్చు. వేదిక మీద ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదల మందగించేలా చేసే పరాన్నజీవి) గురించి ఎంత చెప్పినా మన చెరువు సంగతి అడిగే వీలుండదు.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు పదిహేను మందితో చెరువు గట్టు మీదే పెట్టే గట్టు మీటింగుకే మా ఓటు. ఆక్సిజన్ మీటరు తెల్లవారకముందే చెరువులో ముంచి చూపిస్తారు. అప్పుడే ఆక్సిజన్ బాగా పడిపోతుంది. 4 పీపీఎం (లీటరు నీళ్లకి 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గితే ఏరేటర్లు పెంచాల్సిందే. సీసాలో మోసుకెళ్లిన నీళ్లతో రీడింగు తప్పొస్తుంది. పీసీఆర్‌కి (డీఎన్ఏ చూసి జబ్బుని పట్టే ల్యాబ్ పరీక్షకి) రొయ్యని 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ దెబ్బతిని పరీక్ష దండగ. ఇరవై మంది దాటితే మాత్రం మైక్రోస్కోపు దగ్గర వంతు రాదు, ముందే పేరు రాయించుకోండి.