మన్ననూరు గేటు నుంచి ఈగలపెంట దాకా: సైకిల్ మీద నల్లమల

నల్లమలను సైకిల్ మీద చూడాలని ఉంటే హైదరాబాద్ నుంచి తొక్కుకుంటూ రావద్దు. కడ్తాల్, కల్వకుర్తి, డిండి మీదుగా వచ్చే దారంతా ఎండ, లారీలు. అడవి మొదలయ్యేసరికి కాళ్లలో సత్తువ ఉండదు, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ముందు రోజు సాయంత్రానికే అడవి గేటు ఉన్న మన్ననూరు చేరి అక్కడ పడుకోవాలి. మాది దేవరకొండ వైపు కాబట్టి నేనూ మా మేనల్లుడూ సైకిళ్లను ఆటో ట్రాలీలో వేసుకుని డిండి, హాజీపూర్ మీదుగా వెళ్లాం. హాజీపూర్ దాటాక వచ్చే ఘాట్ కూడా ట్రాలీలోనే ఎక్కేశాం. ఎక్కడం ఇష్టమైనవాళ్లు అక్కడ దిగి తొక్కవచ్చు. మాకు మాత్రం కాళ్ల బలమంతా మరుసటి రోజుకు కావాలి.

బస విషయంలో మూడు దారులు చూశాం. అచ్చంపేటలో లాడ్జిలు చవక, భోజనానికీ లోటు లేదు. కానీ అక్కడ పడుకుంటే తెల్లారి సుమారు 20 కిలోమీటర్లు, అందులోనూ ఘాట్ ఎక్కి గేటు దగ్గరికి రావాలి. పైగా మేం అడిగిన ఒక లాడ్జిలో సైకిళ్లు గదిలోకి రానివ్వమన్నారు, రోడ్డు పక్కన తాళం వేసి పెట్టమన్నారు. ఆ మాట విని బయటికి వచ్చేశాం. సైకిల్ మీద ఆధారపడి తిరిగేవాడికి అది రాత్రంతా టెన్షనే. మన్ననూరులో అటవీ శాఖ వాళ్ల కాటేజీలున్నాయి. మట్టి గోడల ఇళ్లు, చుట్టూ చెట్లు, వరండాలో సైకిల్ పెట్టుకునే చోటు. సఫారీ కూడా ప్యాకేజీలో కలిపి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. ధర లాడ్జి కంటే బాగా ఎక్కువ. అయినా డబ్బు పెట్టాల్సింది ఇక్కడేనని నా అభిప్రాయం. శని, ఆదివారాలకు గదులు త్వరగా నిండిపోతాయి, వారం మధ్యలో వెళ్లడం మేలు. మూడోది ఈగలపెంటలోని హరిత హోటల్. దాని సంగతి తర్వాత చెబుతాను.

మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు పోయే ఈ అడవి రోడ్డును రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసేస్తారు. రాత్రిపూట జంతువులు నిశ్చింతగా తిరగడానికే ఈ ఏర్పాటు. తెల్లారేసరికి చెక్‌పోస్టు దగ్గర కార్లు వరుస కట్టి ఉంటాయి. గేటు ఎత్తగానే అన్నీ ఒక్క ఊపున పోతాయి, వాటితో పాటు బయల్దేరకండి. పక్కనున్న హోటల్లో ఇడ్లీ తిని, చాయ్ తాగి, ఓ పావుగంట ఆగండి. ఆ గుంపు వెళ్లాక వచ్చే గంటన్నర ఈ ప్రయాణం మొత్తానికి ప్రాణం. రోడ్డు మీద మనమే ఉంటాం. కారులో ఎన్నోసార్లు ఇదే దారిన శ్రీశైలం వెళ్లాను కానీ ఎండుటాకుల మీద దుప్పుల అడుగుల చప్పుడు ఎప్పుడూ వినలేదు. సైకిల్ మీద విన్నాం. ఒక మలుపు దగ్గర ఏడెనిమిది దుప్పులు రోడ్డు దాటుతూ ఆగి మమ్మల్ని చూశాయి. మేం బ్రేకు వేసి కదలకుండా నిలబడితే తీరిగ్గా దాటి వెళ్లాయి.

ఇది పెద్దపులుల అడవి. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన దానిలో తెలంగాణ వాటా ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. కాబట్టి హైవే దిగి అడవిలోకి వెళ్లకూడదు, వెళ్లనివ్వరు కూడా. ఫర్హాబాద్ దగ్గర నుంచి వ్యూ పాయింటుకు పోయే మట్టి రోడ్డు చూస్తే సైకిల్ తిప్పాలనిపిస్తుంది. అక్కడికి అటవీ శాఖ సఫారీ బండిలోనే పోవాలి. ఆ నియమం సరైనదే. ఎలుగుబంటి ఎదురుపడితే సైకిల్ ఏ పనికీ రాదు. సఫారీ కావాలంటే ముందు రోజు సాయంత్రం పెట్టుకోండి, తెల్లవారుజామును రోడ్డుకే వదిలేయండి.

మన్ననూరు దాటాక దారి ఘాట్‌లా ఒకే తీరుగా ఎక్కదు, ఎగుడుదిగుడుగా సాగుతుంది. గేర్ల సైకిల్ ఉన్నవాళ్లకు కష్టం లేదు. మధ్యలో సైకిల్ షాపు మాత్రం ఎక్కడా కనబడలేదు. పంక్చర్ సామాను, పంపు, రెండు స్పేర్ ట్యూబులు దగ్గరుండాలి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్లకండి, రిజర్వ్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. స్టీలు సీసాలు రెండు చాలు, వటవర్లపల్లిలో నింపుకోవచ్చు.

వటవర్లపల్లిలో ఆగింది చాయ్ కోసమే అయినా చాలాసేపు కూర్చున్నాం. కొట్టు నడిపే పెద్దమ్మ మా హ్యాండిల్‌కు వేలాడుతున్న అరటిపళ్ల సంచి చూసి, "లోపల పెట్టుకోండ్రి బిడ్డా, కోతులు గుంజుతయి, జర పైలం" అంది. కార్లలో వచ్చేవాళ్లు అద్దం దించి చిప్స్, బిస్కెట్లు విసిరి కోతులను రోడ్డుకు అలవాటు చేశారు. తిండి కోసం రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి. ఇంత ప్రచారం జరుగుతున్నా ఈ అలవాటు ఆగకపోవడం బాధగా ఉంది. దయచేసి ఏమీ వేయకండి.

కొట్టు దగ్గర మాటలు రోడ్డు మీదికే మళ్లాయి. అడవిని కాపాడడానికి ఈ దారిలో ఎలివేటెడ్ కారిడార్ కట్టే ప్రతిపాదన ఉంది. బండ్లు పైనుంచి పోతే జంతువులకు మంచిదే. కానీ కింద రోడ్డును నమ్ముకున్న ఇలాంటి కొట్ల సంగతేమిటని వాళ్ల దిగులు. 2019లో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా చెంచులు, ఇక్కడి ఊళ్ల జనం గట్టిగా నిలబడ్డారు, ఆ సెప్టెంబర్‌లో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఈ రోడ్డు విషయంలోనూ ముందు వాళ్ల మాట వినాలి.

వటవర్లపల్లి నుంచే మల్లెలతీర్థం జలపాతానికి పక్కదారి. చివర్లో మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మొత్తం కలిపి రెండు మూడు గంటలు పోతాయి. అక్టోబరు, నవంబరుల్లో అయితే తప్పకుండా వెళ్లండి. ఎండాకాలంలో నీరు సన్నగిల్లిపోతుంది, మెట్లు ఎక్కిన శ్రమ దండగ. ఒకే రోజులో సైకిల్, జలపాతం రెండూ కావాలంటే ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర ఎక్కువసేపు ఆగకండి. కొండల మధ్య మలుపులు తిరిగే కృష్ణ కనబడుతుంది కానీ పదిన్నర దాటాక అక్కడ సెల్ఫీల రద్దీలో నిలబడే చోటు దొరకదు. మేం పావుగంటలో కదిలాం.

దోమలపెంటలో మెస్ భోజనం చేశాం. వేడి అన్నం, పప్పు, చేపల పులుసు. ఈ దారిలో కడుపునిండా తిన్నది అక్కడే. తర్వాత ఈగలపెంటలో ప్రయాణం ఆపేశాం, మీరూ అక్కడే ఆపడం మంచిదని చెబుతాను. అక్కడి నుంచి డ్యామ్ దాకా నిట్టనిలువు దిగుడు, మలుపు మలుపుకూ ఎదురుగా బస్సులు. దిగితే నది దాటాక శ్రీశైలం వైపు మళ్లీ అంతే ఎక్కుడు. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో అయితే కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్ ఆగిపోతుంది, అటువైపు సైకిలే వద్దు. దర్శనం చేసుకోవాలనుకుంటే సైకిళ్లు ఈగలపెంటలో వదిలి బస్సెక్కండి. శ్రీశైలంలో దేవస్థానం గదులు, సత్రాలు ఉన్నాయి, కాకపోతే పండుగ రోజుల్లో దొరకడం కష్టం.

హరిత హోటల్లో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, సైకిళ్లు లోపల పెట్టుకోనిచ్చారు. రాత్రి భోజనం ఆలస్యమైంది, రుచీ అంతంతమాత్రం. తినేది దోమలపెంటలోనో ముందే రోడ్డు పక్కనో చూసుకోవచ్చు కాబట్టి అది పెద్ద లోటు కాదు.

తిరుగు ప్రయాణానికి హైదరాబాద్ బస్సు ఎక్కాం. ముందు చక్రం విప్పి, సైకిల్‌కు దుప్పటి చుట్టి డిక్కీలో పెట్టాం. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టి ఊరుకున్నాడు. డిక్కీ నిండి ఉంటే ఒప్పుకోరు, కాబట్టి ఆదివారం సాయంత్రం బస్సులను నమ్ముకోకండి. సోమవారం పొద్దున బస్సులు ఖాళీగా వస్తాయి.